స్టాన్‌వే 'డాక్టర్' సమాధి: ఒక గొయ్యి, మూడు పేర్లు

తవ్వకంలో సమాధి బయటపడగానే దానికి ఒక నంబరు ఇస్తాం. ఫొటోలు, డ్రాయింగులు, మట్టి సంచులు, ఎముకల డబ్బాలు అన్నీ ఆ నంబరు మీదే నడుస్తాయి. టీ టైమ్ అయ్యేలోపు ఎవరో ఒకరు దానికి ముద్దుపేరు కూడా పెట్టేస్తారు. నంబరు రిపోర్టులో ఉండిపోతుంది, పేరు మాత్రం పేపర్లకీ మ్యూజియం బోర్డులకీ పాకుతుంది. కొత్తగా రికార్డింగ్ నేర్చుకునేవాళ్లకు నేను చెప్పే కేసు అలాంటిదే. ఇంగ్లండ్‌లో ఎసెక్స్ కౌంటీ, కోల్చెస్టర్ పక్కన స్టాన్‌వేలో దొరికిన సమాధి. రిపోర్టులో దాని నంబరు సి.ఎఫ్.47. జనానికి మాత్రం అది 'డాక్టర్ సమాధి'. కొన్ని పత్రికలకు 'డ్రూయిడ్ సమాధి' (డ్రూయిడ్ అంటే పాత కెల్టిక్ తెగల పూజారి).

ఈ తవ్వకంలో నేను లేను. ప్రచురించిన రికార్డును, కోల్చెస్టర్ కోట మ్యూజియంలో ఉన్న వస్తువులను ఆధారంగా పెట్టుకుని, సమాధుల రికార్డింగ్ చేసే మనిషిగా ఈ కేసును నేను ఎలా చదువుతానో రాస్తున్నాను.

ముందు ఊరి సంగతి. కోల్చెస్టర్ పాత పేరు కాములోడూనమ్. రోమన్లు రాకముందే అది ఆగ్నేయ బ్రిటన్‌లో పెద్ద రాజకీయ కేంద్రం. కునోబెలిన్ అనే రాజు నాణేల మీద ఈ ఊరి పేరే ఉంటుంది. అయితే ఊరు అనగానే ఇళ్లు ఆనుకుని ఉండే వీధులు ఊహించుకోకూడదు. మైళ్ల పొడవున మట్టికట్టలు, కందకాలు. వాటి లోపల పొలాలు, పశువుల దారులు, అక్కడక్కడా ముఖ్యమైన చోట్లు. గోస్‌బెక్స్ దగ్గర పెద్ద కమతం ఉండేది, రాజు నివాసం అదే అయి ఉండొచ్చని పండితుల అంచనా. షీపెన్ దగ్గర పనివాళ్లు, వర్తకం, దిగుమతి సరుకు. లెక్స్‌డెన్‌లో ఒక పెద్ద మట్టిదిబ్బ సమాధి. దాన్ని 1924లో తవ్వితే అగస్టస్ చక్రవర్తి ముఖం ఉన్న వెండి పతకం దొరికింది. క్రీ.శ. 43లో రోమన్ చక్రవర్తి క్లాడియస్ సేనలు వచ్చి ఈ ఊరిని పట్టుకున్నాయి. కొండ మీద సైనిక కోట కట్టారు. 49లో దాన్ని రిటైరైన సైనికుల కాలనీగా మార్చారు. 60-61లో స్థానిక రాణి బూడికా రోమన్ల మీద చేసిన తిరుగుబాటులో అది తగలబడిపోయింది. కోల్చెస్టర్‌లో పునాదులు తవ్వితే ఆ కాలిన ఎర్రమట్టి పొర ఇప్పటికీ తగులుతుంది.

స్టాన్‌వే సమాధులు సరిగ్గా 43, 60-61 అన్న ఈ రెండు తేదీల చుట్టూ ఉన్నాయి. కేసులోని చిక్కంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

స్థలం గోస్‌బెక్స్‌కు దగ్గర్లోనే ఉంది. పైరు ఎండే కాలంలో, పూడిపోయిన కందకాల మీద మాత్రం పంట పచ్చగా ఉండిపోతుంది కదా, అలా విమానం ఫొటోల్లో చతురస్రపు ఆవరణలు కనిపించాయి. కింద కంకర ఉంది కాబట్టి క్వారీ రావడం, క్వారీ వచ్చేలోపు తవ్వడం. కోల్చెస్టర్ ఆర్కియలాజికల్ ట్రస్ట్ 1987లో మొదలుపెట్టి విడతలు విడతలుగా 2003 దాకా తవ్వింది. మొత్తం ఐదు ఆవరణలు. వాటిలో ఒకటి మిగతావాటికన్నా చాలా పాతది, ఇనుప యుగం నాటి కమతం. మనుషులు ఉండి, పశువులు కట్టేసుకుని, ధాన్యం దాచుకున్న చోటు. మిగతా నాలుగూ చనిపోయినవాళ్ల కోసం. అంటే పాత ఇంటిచోటు పక్కనే, దాని కందకాల జాడ ఇంకా నేల మీద కనిపిస్తుండగానే, శ్మశానం వెలిసింది. ఇది యాదృచ్ఛికం అని నేను అనుకోను. భూమి మాది, మా పూర్వీకులది అని చెప్పుకోవలసిన కుటుంబమే ఇలాంటి పని చేస్తుంది. ఈ ఆవరణల్లో మొదటిది క్రీస్తుపూర్వం చివరి శతాబ్దంలో కట్టారు. మిగతావి క్రీ.శ. 35 నుంచి 60 మధ్యవి.

ఇక సి.ఎఫ్.47. అది ఐదో ఆవరణలో ఉంది, 1996లో బయటపడింది. కాలం క్రీ.శ. 40 నుంచి 60 మధ్య. గొయ్యిలో చెక్కపలకలతో పెట్టెలాంటిది కట్టి, అందులో ఒక ఆటపలక పరిచారు. పలక చెక్క పుచ్చిపోయింది కానీ మూలల లోహపు తొడుగులు, మడతబందులు మిగిలాయి. దాని మీద గాజు పావులు, తెల్లవి 13, నీలివి 13, చాలావరకు పెట్టిన చోటే ఉన్నాయి. పొడుగు అంచుల వెంట ఎదురెదురుగా వరసలు తీర్చి ఉన్నాయి. కొన్ని ముందుకు జరిపి ఉన్నాయి, ఒకటి రెండు ఎత్తులు వేసి ఆపేసినట్టు. తెల్లవాటిలో ఒకటి మిగతావాటికన్నా చిన్నది. దహనం చేసిన ఎముకలను ఒక కుప్పగా ఆ పలక మీదే పోశారు. పక్కనే శస్త్రచికిత్స పనిముట్లు, 13: స్కాల్పెళ్లు, రంపం, కొక్కేలు, సూదులు, పటకార్లు. ఇంకా ఎనిమిది లోహపు కడ్డీలు, కొన్ని ఇనుమువి, కొన్ని రాగి మిశ్రమానివి. లోహపు వలయాలు. పిడి ఉన్న కంచు గిన్నె. ముక్కు ఉన్న వడపోత గిన్నె. జెట్ అనే నల్లటి రాతి పూస ఒకటి. గాల్ దేశం (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) నుంచి వచ్చిన పళ్లేలు, గిన్నెలు, అంటే ఒక పూర్తి భోజనాల సెట్టు. బట్ట ముక్కల జాడ, బ్రోచ్‌లు.

వడపోత గిన్నె ముక్కులో ఇరుక్కున్న పదార్థాన్ని పరీక్షిస్తే ఆర్టెమిసియా జాతి మొక్క తేలింది. మనకు తెలిసిన మొక్కే. వినాయక చవితి రోజున ఏకవింశతి పత్రిలో మొదట సమర్పించే మాచీపత్రం ఆ జాతిదే. ఆకు నలిపితే వచ్చే ఘాటు వాసన తెలిసినవాళ్లకు, అది మందు గిన్నె అని వెంటనే ఎందుకు తోస్తుందో చెప్పక్కర్లేదు. కానీ ఆ జాతి మొక్కల్ని యూరప్‌లో కడుపునొప్పికీ వాడారు, నులిపురుగులకీ వాడారు, పానీయాల్లో చేదు కోసమూ వాడారు. గిన్నెలో ఏ మొక్క ఉందో పరీక్ష చెబుతుంది. ఎందుకు వేశారో చెప్పదు.

పేర్లు పుట్టింది ఈ సామాను చూసే. పనిముట్లు ఉన్నాయి కాబట్టి డాక్టర్. కడ్డీలు, మూలిక, ఆట కలిపి చూస్తే జోస్యం చెప్పేవాడిలా ఉన్నాడు కాబట్టి డ్రూయిడ్. నేను 'మూడు పేర్లు' అన్నది ఎందుకంటే, మూడోది ఎవరూ గట్టిగా అనరు కానీ అందరి మాటల్లోనూ ఉంటుంది: 'రోమన్ అలవాట్లు నేర్చుకున్న స్థానిక పెద్దమనిషి'. మూడింటినీ ఒక్కొక్కటిగా తీసుకుంటాను.

డ్రూయిడ్ వాదన అన్నిటికన్నా బలహీనమైనది. డ్రూయిడ్ల గురించి మనకున్న ప్రధాన సాక్షి జూలియస్ సీజర్. ఆయన రాసింది గాల్ గురించి, ఈ సమాధికి దాదాపు వందేళ్ల ముందు. చదువు ఇరవై ఏళ్లు పట్టేదనీ, శాస్త్రాన్ని రాతలో పెట్టేవాళ్లు కాదనీ, ఆ విద్య బ్రిటన్‌లోనే పుట్టిందని చెప్పుకునేవాళ్లనీ రాశాడు. లోహపు కడ్డీలతో జోస్యం చెప్పారని ఎక్కడా లేదు. పుల్లలు వేసి శకునం చూసే పద్ధతిని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ వివరంగా రాశాడు కానీ అది జర్మన్ల గురించి, ఆ పుల్లలు పండ్ల చెట్టు కొమ్మలవి. కడ్డీలకు సరైన జోడీ ఎక్కడా లేనప్పుడు 'ఉపయోగం తెలియని కడ్డీలు' అని రాయడమే నిజాయితీ. అలా రాస్తే వార్త కాదు, నిజమే.

డాక్టర్ అన్న పేరుకు బలం ఉంది. బ్రిటన్‌లో దొరికిన శస్త్రచికిత్స సెట్లలో ఇదే పాతది. పైగా ఆ పనిముట్లు ఇటలీ నుంచి డబ్బాలో వచ్చినవి కావు. రోమన్ పనిముట్ల రకాలే ఉన్నా, ఆకారాల్లో స్థానికుల చేతివాటం కనిపిస్తుంది. అంటే అక్కడి కమ్మరికి ఎవరో ఏం కావాలో చెప్పి చేయించుకున్నారు. ఇది చాలా విలువైన సంగతి. చికిత్స తెలిసిన మనిషి ఆ చుట్టుపక్కల ఉన్నాడు, లేదా ఉంది, ఇంతవరకూ నేనూ ఒప్పుకుంటాను. ఎముకలు ఆ మనిషివే అనడానికి మాత్రం ఇంకో మెట్టు ఎక్కాలి.

ఆ మెట్టు ఎందుకు కష్టమో ఇంకో సమాధి చూపిస్తుంది. మ్యూనిక్ దగ్గర ఓబర్‌మెన్జింగ్‌లో క్రీస్తుపూర్వపు కెల్టిక్ సమాధి ఒకటి ఉంది. అందులో పుర్రెకు రంధ్రం చేసే రంపం, ఇతర చికిత్స పనిముట్లతో పాటు కత్తి, ఈటె, డాలు కూడా ఉన్నాయి. దానికేం పేరు పెట్టాలి? యోధుడు అంటే రంపం మిగిలిపోతుంది, డాక్టర్ అంటే కత్తి మిగిలిపోతుంది. ఒక మనిషి జీవితంలో చాలా పనులు చేస్తాడు. సమాధిలో ఏం పెట్టాలో బతికున్నవాళ్లు నిర్ణయిస్తారు. చనిపోయినవాడి వృత్తి చూసి పెట్టొచ్చు, తమ కానుకగా పెట్టొచ్చు, రోగాన్ని నయం చేయలేకపోయిన వైద్యుడి సామాను ఇంకెవరూ వాడకూడదని పెట్టి ఉండొచ్చు కూడా. చివరిది నేను ఊరికే ఊహించి చెప్పిన మాట, కానీ ఉన్న ఆధారాల్లో దాన్ని కొట్టేసేది ఏదీ లేదు.

ఎముకల రిపోర్టు కూడా సాయం చేయదు. పెద్ద వయసు మనిషి అని తప్ప ఆడో మగో తేల్చలేకపోయారు. దహనం చేసిన ఎముకతో ఇది మామూలే. మంట ఆరేడు వందల డిగ్రీలు దాటితే ఎముక తెల్లబడుతుంది, కుంచించుకుంటుంది, వంపు తిరిగి పగుళ్లిస్తుంది. ఒక పెద్ద మనిషి దహనం తర్వాత కిలో నుంచి రెండున్నర కిలోల దాకా ఎముక మిగలాలి. ఆ కాలపు సమాధుల్లో తూకం వేస్తే చాలాసార్లు అందులో చిన్న వాటానే ఉంటుంది. చితిలోంచి ఎంత ఏరుకున్నారు, మిగతాది ఏం చేశారు అనేదే పెద్ద ప్రశ్న. మన దగ్గర అస్థిసంచయనం చేసిన ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు, అన్నీ ఏరడం ఆనవాయితీ కాదు. కోల్చెస్టర్‌లో అలాంటి ఆనవాయితీ చెప్పే మనిషి మనకు మిగల్లేదు.

మూడో పేరు, 'రోమన్ అలవాట్లు నేర్చుకున్న పెద్దమనిషి'. ఇక్కడ తేదీ అడ్డొస్తుంది. 40-60 అంటే అది క్లాడియస్ రాకముందు కావచ్చు, వచ్చాక కావచ్చు. కుండల్ని బట్టి ఇంతకన్నా బిగించి చెప్పడం కష్టం. గాల్ పళ్లేలు, ద్రాక్షసారా జాడీలు, గాజు పాత్రలు చూసి జనం వెంటనే 'రోమ్ ప్రభావం' అంటారు. అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలంలో రాసిన గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో బ్రిటన్ నుంచి ధాన్యం, పశువులు, బంగారం, వెండి, ఇనుము, తోళ్లు, బానిసలు, వేటకుక్కలు ఎగుమతి అయ్యేవని లెక్క చెప్పాడు. దండయాత్రకు యాభై ఏళ్ల ముందు నుంచే సరుకు అటూ ఇటూ తిరుగుతోంది. మన వైపే చూడండి. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో అగస్టస్, టైబీరియస్ వెండి నాణేలు కుప్పగా దొరికాయి. పెద్దబంకూరులోనూ రోమన్ నాణేలు ఉన్నాయి. అంతమాత్రాన అక్కడి శాతవాహన కాలపు రైతుకు రోమన్ అలవాట్లు ఉన్నాయని ఎవరూ రాయరు. స్టాన్‌వే విషయంలో మాత్రం రాస్తారు, ఎందుకంటే తర్వాత రోమ్ వచ్చిందని మనకు ముందే తెలుసు కాబట్టి.

పక్క ఆవరణలో ఉన్న ఇంకో రెండు సమాధుల గురించి ఎక్కువ చెప్పను. ఒకదాంట్లో ఈటె, డాలు గుర్తులు, కంచు చెంబు, గాజు పాత్రలు, ఇంకో ఆట పావుల సెట్టు. అది 'యోధుడు'. ఇంకోదాంట్లో సిరాబుడ్డి, అది 'సిరాబుడ్డి సమాధి'. యోధుడి సమాధిలోనూ ఆట పావులు ఉన్నాయన్నది చాలామంది గమనించరు. ఆట డ్రూయిడ్ లక్షణం అయితే యోధుడూ డ్రూయిడే కావాలి. ఆ కుటుంబంలో విందు, ఆట కలిసి సాగేవని చెప్పుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. డాక్టర్ పేరు గట్టిగా వినిపించడం వల్ల మరుగున పడిపోయింది ఇదే.

నాలుగు శ్మశాన ఆవరణల్లోనూ ప్రధాన కట్టడం సమాధి గొయ్యి కాదు, ఒక చెక్క గది. నేలలోకి తవ్వి, పలకలు మేకులతో బిగించిన పెద్ద గది. ప్రతి ఆవరణకూ ఒక్కటే. అందులో శవాన్ని కొంతకాలం ఉంచి ఉంటారని తవ్వినవాళ్ల అభిప్రాయం. ఆ తర్వాత వేరేచోట దహనం. ఆపైన గదిని ఉన్నదున్నట్టు మూసేయలేదు, విరగ్గొట్టారు. భోజనాల సెట్టుల్ని కావాలని పగలగొట్టి, ఆ పెంకుల్ని పూడ్చే మట్టిలో కలిపేశారు. మూడో ఆవరణ గదిలో రెండు డజన్ల కుండల పెంకులు దాకా ఉన్నాయి. ఎముక మాత్రం గుప్పెడు. అంటే ఎవరి కోసం కందకం తవ్వారో, ఎవరి కోసం అంత చాకిరీ చేశారో, ఆ మనిషి మనకు దాదాపుగా మిగల్లేదు. డాక్టర్, యోధుడు, సిరాబుడ్డి మనిషి, వీళ్లంతా ఆ ఆవరణల్లో చోటు దక్కించుకున్న రెండో వరసవాళ్లు. బంధువులా, ఆశ్రితులా, ఇంటి వైద్యుడా, తెలియదు. కానీ ఆవరణ వాళ్లది కాదు.

ఇది నా ఒక్కడి ఊహ కాదనడానికి ఇంగ్లండ్‌లోనే సెయింట్ ఆల్బన్స్ దగ్గర ఫాలీ లేన్ సమాధి ఉంది. 1990ల మొదట్లో తవ్వారు, కాలం క్రీ.శ. 55 ప్రాంతం, అంటే క్లాడియస్ వచ్చిన పన్నెండేళ్లకు. అక్కడా పెద్ద ఆవరణ, లోతైన గొయ్యిలో చెక్క గది, పగలగొట్టిన కుండలు, విరిచేసిన గది. చితిలో కాలిన సామానులో ఇనుప వలయాల కవచం కూడా ఉంది. చితి పెట్టిన చోట తర్వాత గుడి కట్టారు, పూజ తరాల తరబడి సాగింది. అదే ఊళ్లో కింగ్ హ్యారీ లేన్ శ్మశానంలో నాలుగు వందలకు పైగా దహన సమాధులు ఉన్నాయి, చాలావాటిలో ఒక కుండో రెండో. అక్కడివాళ్లతో పోలిస్తే స్టాన్‌వే డాక్టర్ మహా సంపన్నుడు. గదిలోని మనిషితో పోలిస్తే ఆశ్రితుడు. అంతస్తు గురించి రాసేటప్పుడు ఎవరితో పోలుస్తున్నామో ముందు తేల్చుకోకపోతే 'ధనిక సమాధి' అన్న మాటకు అర్థం లేదు.

పేరు ఒకసారి అంటుకుంటే ఎంత గట్టిగా ఉంటుందో కోల్చెస్టర్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. 1928లో లాంగినస్ అనే థ్రేస్ దేశపు అశ్వసైనికుడి సమాధి శిల దొరికింది. సార్డికా (ఇప్పటి బల్గేరియాలోని సోఫియా) ప్రాంతంవాడు, వయసు 40, పదిహేనేళ్ల సర్వీసు, వీలునామా ప్రకారం వారసులు పెట్టించారు, అన్నీ రాతిలో చెక్కి ఉన్నాయి. గుర్రం మీద ఉన్న అతని ముఖం మాత్రం లేదు. బూడికా తిరుగుబాటుదార్లు కసితో పగలగొట్టారని దశాబ్దాల పాటు చెప్పుకున్నారు. 1996లో ఆ ముఖం దొరికింది, శిల దొరికిన చోటే. 1928లో తవ్విన పనివాళ్ల చేతుల్లోనే అది విరిగి ఉండే అవకాశం ఎక్కువ. ఇప్పటికీ కొందరు పాత కథే చెబుతారు. పేరు, వయసు, ఊరు చెక్కి ఉన్న మనిషికే ఇలా అయితే, పేరు లేని సి.ఎఫ్.47 సంగతి చెప్పాలా! తెలంగాణలో బృహత్ శిలా సమాధుల్ని పల్లెవాళ్లు రాకాసి గుళ్లు అంటారు. రాళ్ల సైజు చూసి పెట్టిన పేరది. మనం పనిముట్లు చూసి పెడుతున్నాం, తేడా అంతే.

కాబట్టి ఫారంలో నేనైతే ఇలా రాయిస్తాను: 'ఐదో ఆవరణ, అనుబంధ దహన సమాధి, పెద్ద వయసు మనిషి, లింగం తేలలేదు, క్రీ.శ. 40-60. చెక్క పెట్టె. ఆటపలక మీద అస్థికలు, శస్త్రచికిత్స పనిముట్లు. ఉపయోగం తెలియని కడ్డీలు ఎనిమిది.' 'అనుబంధ' అన్న మాటే ఇందులో ముఖ్యం. దాన్ని ఎవరు కొట్టేసినా నేను గొడవ పడతాను. డాక్టర్ అన్న పేరు ప్రదర్శన బోర్డు మీద ఉంటే నాకు అభ్యంతరం లేదు, పిల్లలు ఆగి చూస్తారు. డేటాబేసులో వృత్తి అనే గడిలో మాత్రం ఉండకూడదు. ఆ గడిని ఎవరో లెక్కలకు వాడతారు, రేపు 'బ్రిటన్‌లో వైద్యుల సమాధులు' అన్న పట్టికలో ఇది ఒక అంకె అయిపోతుంది.

ఇక చేయగలిగిన పని ఒకటుంది. మనిషి బతికిన నేల నుంచి తిండి ద్వారా ఒంట్లో చేరి ఆ నేల గుర్తు మోసే స్ట్రాన్షియం అనే మూలకం, బాగా కాలి తెల్లబడిన ఎముకలో చెక్కుచెదరకుండా ఉంటుందని 2010ల్లో పరిశోధనలు రుజువు చేశాయి. స్టోన్‌హెంజ్ దహన సమాధుల మీద ఆ పద్ధతి వాడి, అందులో కొందరు బతుకు చివరి ఏళ్లలో ఆ ప్రాంతంలో ఉన్నవాళ్లు కారని తేల్చారు. స్టాన్‌వే గదుల్లో దొరికిన గుప్పెడు ఎముకకూ సి.ఎఫ్.47 ఎముకకూ ఆ ఫలితాలు పక్కపక్కన పెడితే, ఆశ్రితుడు కాములోడూనమ్ నేల మీద బతికినవాడా, సముద్రం దాటి వచ్చినవాడా అన్నది కొంతైనా తెలుస్తుంది. అందరూ డాక్టర్ ఫలితం కోసం చూస్తారు. నేను ముందు గది ఎముకల వరస చూస్తాను.